పిన్నికొస్తే లెక్కలోకి వస్తుందా? రొమ్ము క్యాన్సర్ కుటుంబ ముప్పు, రిఫరల్ తీరు

క్లుప్తంగా: రొమ్ము క్యాన్సర్ కేసుల్లో తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒకే జన్యువు లోపం వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతం. ఆ కొద్ది కుటుంబాలను గుర్తించి జెనెటిక్స్ నిపుణుల దగ్గరికి చేర్చడానికే రిఫరల్ నిబంధనలు పుట్టాయి. బ్రిటన్‌లో 2004 నుంచి ఇవి రాతపూర్వకంగా ఉన్నాయి. నిబంధన ఎంత పకడ్బందీగా ఉన్నా అది నడిచేది మనిషి చెప్పే కుటుంబ చరిత్ర మీద. తెలుగు కుటుంబాల్లో ఆ చరిత్ర వరసల పేర్ల దగ్గర, మేనరికం దగ్గర, ‘కడుపులో గడ్డ’ అనే మాట దగ్గర చెదిరిపోతోంది.

ఇంట్లో ఒకరికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే మిగతా ఆడవాళ్లకు వెంటనే పుట్టే ప్రశ్న ‘మరి నాకో?’. దానికి దొరికే జవాబు ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కోలా ఉంటోంది. తల్లికి డెబ్బయ్యో ఏట వచ్చిందని ముప్పై ఏళ్ల కూతురు ఆరు నెలలకోసారి స్కానింగుల చుట్టూ తిరుగుతుంటుంది. నాయనమ్మకూ మేనత్తకూ నలభై నిండకుండానే వచ్చిన మరో అమ్మాయిని మాత్రం ‘అది నాన్న వైపు కదమ్మా, టెన్షన్ పడకు’ అని పంపించేస్తారు. ఈ ఇద్దరిలో నిపుణుల దగ్గరికి వెళ్లాల్సింది రెండో అమ్మాయి.

ఇంట్లో ఉండటం, వంశంలో ఉండటం

రొమ్ము క్యాన్సర్ చాలా మందికి వచ్చే జబ్బు. భారతదేశంలో 2022లో కొత్తగా సుమారు 1.92 లక్షల మందికి వచ్చిందనీ, 98 వేల మందికి పైగా చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. అంత మందికి వచ్చే జబ్బు ఒకే కుటుంబంలో ఇద్దరికి రావడం కొన్నిసార్లు కాకతాళీయమే. కలిసి పెరిగిన అలవాట్లు, బరువు, పిల్లలు పుట్టిన వయసు వంటివి కొంత కారణం. ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా ముప్పు పెంచే చిన్న జన్యు తేడాలు వందల్లో కలిసి పనిచేయడం ఇంకొంత. ఒకే జన్యువు బలంగా దెబ్బతిని తరం నుంచి తరానికి దిగడం వీటన్నిటికంటే అరుదు.

2001లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 52 అధ్యయనాలను కలిపి చూసింది. తల్లి, తోబుట్టువు, కూతురు అనే దగ్గరి వలయంలో ఒకరికి ఉంటే ముప్పు 1.8 రెట్లు, ఇద్దరికి ఉంటే 2.9 రెట్లు ఉంటుందని అందులో తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఎనిమిది మందికి ఆ వలయంలో ఎవరికీ ఆ జబ్బు లేదనే విషయం కూడా ఆ విశ్లేషణే చెప్పింది. ‘మా ఇంటావంటా లేదు, నాకెందుకొస్తుంది’ అనే ధీమాకు ఈ రెండో సంగతే జవాబు.

ఆ అరుదైన గుంపులో ముఖ్యమైనవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు. డాక్టర్ల నోట వినిపించేది ‘బ్రాకా’. మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉందని అమెరికన్ శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో తేల్చింది. 1994లో ఆ జన్యువు చేతికందింది, మరుసటేడు 13వ క్రోమోజోమ్ మీదున్న రెండోదీ అందింది. తెగిన డీఎన్‌ఏను అతకడం వీటి పని. ఆ పని కుంటుపడితే కణాల్లో తప్పులు పేరుకుపోతాయి. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం ఈ లోపాలున్న మహిళల్లో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం మొదటి జన్యువైతే 72 శాతం, రెండోదైతే 69 శాతం. అండాశయ క్యాన్సర్‌కు అవి వరుసగా 44, 17 శాతం. పాల్బ్2, చెక్2, ఏటీఎం వంటి జన్యువులూ ఈ జాబితాలో ఉన్నాయి గానీ వాటన్నిటి బలం ఒకేలా ఉండదు.

రిఫరల్ అంటే, 1.8 రెట్ల ముప్పున్న మామూలు కుటుంబాల నడుమ నుంచి ఈ 70 శాతం ముప్పున్న కుటుంబాలను ఏరి పట్టడం.

బ్రిటన్ వడపోత

ఈ పనికి అందరి కంటే ముందు తీరైన రూపం ఇచ్చిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడి నైస్ అనే సంస్థ కుటుంబ రొమ్ము క్యాన్సర్ మీద 2004లో మార్గదర్శకాలు తెచ్చి, 2013లో తిరగరాసింది. మనిషి ముందు వెళ్లేది జీపీ దగ్గరికి, అంటే ఇంటి దగ్గరి డాక్టరు దగ్గరికి. అవసరమైతే ఆ డాక్టరు జిల్లా స్థాయి బ్రెస్ట్ క్లినిక్‌కు పంపుతారు. అక్కడ ముప్పు ఎక్కువని తేలితే జెనెటిక్స్ కేంద్రానికి పంపుతారు.

వడపోతకు వాడే గీతలు ఇవి: జీవితకాల ముప్పు 17 శాతం లోపుంటే మామూలు జనాభాతో సమానం, 17 నుంచి 30 మధ్యలో ఉంటే మధ్యస్థం, 30 దాటితే అధికం. పది నిమిషాల ఓపీలో జీపీ ఈ శాతాలు కట్టలేరు కాబట్టి నిబంధనలను మనుషుల భాషలోకి దించారు. ఫస్ట్ డిగ్రీ బంధువుల్లో, అంటే తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లల్లో, ఒక మహిళకు 40 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వస్తే పంపాలి. మగవాడికి వస్తే ఏ వయసైనా పంపాలి. రెండు రొమ్ములకూ వచ్చి, మొదటిది 50 లోపైతే పంపాలి. ఫస్ట్ డిగ్రీలో ఇద్దరికి వచ్చినా, ఒకరికి ఫస్ట్ డిగ్రీలో, ఇంకొకరికి సెకండ్ డిగ్రీలో, అంటే అమ్మమ్మ, నాయనమ్మ, తల్లిదండ్రుల తోబుట్టువుల వంటివారిలో, వచ్చినా వయసుతో పని లేదు. ఒకరికి రొమ్ము, ఒకరికి అండాశయ క్యాన్సర్ వచ్చి, ఆ ఇద్దరిలో ఒక్కరైనా ఫస్ట్ డిగ్రీ అయినా అంతే. రెండు డిగ్రీల్లో కలిపి ముగ్గురికి వచ్చినా పంపాల్సిందే.

నలభై దాటాక ఒకే ఒక్క బంధువుకు వచ్చి, ఇంకే చిక్కూ లేకపోతే జీపీ దగ్గరే ఆగిపోవచ్చు. మొదట చెప్పిన డెబ్బై ఏళ్ల తల్లి ఈ కోవలోకి వస్తుంది. ఇక్కడ ‘చిక్కు’ అనే మాటలో చాలా ఉంది. మగవారి రొమ్ము క్యాన్సర్, రెండు రొమ్ములకూ రావడం, అండాశయ క్యాన్సర్, యూదు వంశం, 45 లోపు బంధువుకు సార్కోమా (ఎముక, కండరం వంటి కణజాలాల్లో వచ్చే క్యాన్సర్), చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు, నాన్న వైపు ఇద్దరు ముగ్గురికి రొమ్ము క్యాన్సర్. వీటిలో ఏది ఉన్నా ఒక్కరికే వచ్చిందని తేలిగ్గా వదలకూడదు.

వింతగా కనిపించే విషయం ఒకటుంది. కుటుంబ చరిత్ర కోసం జీపీలు తమంతట తాము ప్రతి ఒక్కరినీ తవ్వి అడగాల్సిన పని లేదని ఈ మార్గదర్శకాలు చెబుతాయి. ఆందోళనతో వచ్చిన వారికి జవాబు ఇవ్వాలి. 35 దాటి గర్భనిరోధక మాత్రలు వాడేవారిని, ముట్లుడిగాక హార్మోన్ల చికిత్స దీర్ఘకాలం తీసుకోబోయే వారిని అడగడం మంచిది. అంతకు మించి వెతుకులాట వద్దు. వెతికితే దొరికేది ఎక్కువగా భయమే, క్లినిక్‌లు నిండేది మామూలు ముప్పున్న వారితోనే అన్నది దీని వెనకున్న ఆలోచన. అమెరికా ప్రభుత్వ నివారణ సేవల మండలి 2019లో దీనికి దాదాపు ఎదురు దారి పట్టింది. కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లున్న మహిళలందరికీ ప్రాథమిక స్థాయిలోనే చిన్న ప్రశ్నావళితో ముప్పు కొలవాలంది.

నాన్న వైపు

నాన్నను వదిలేయడం రెండు దేశాల్లోనూ, ఇక్కడా జరిగే పొరపాటే. రొమ్ము ఆడవారి అవయవం కాబట్టి జబ్బు అమ్మ నుంచే వస్తుందన్న ఊహ సహజం. జన్యువుకు ఆ తేడా లేదు. బ్రాకా లోపం ఉన్న వారిలో ఇంచుమించు సగం మందికి అది తండ్రి నుంచే వస్తుంది. తండ్రికి రొమ్ము క్యాన్సర్ రాకపోవచ్చు. రెండో బ్రాకా జన్యువులో లోపం ఉన్న మగవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, కొద్దిమందికి రొమ్ము క్యాన్సరూ వస్తుంది. చాలామందికి ఏదీ రాదు. వాళ్లు లోపాన్ని నిశ్శబ్దంగా కూతురికి అందిస్తారు.

అందువల్ల నాన్న వైపు లెక్కలో ఒక మెట్టు ఎగిరిపోతుంది. అమ్మకు వస్తే అమ్మాయికి ఫస్ట్ డిగ్రీ. నాయనమ్మకు, మేనత్తకు వస్తే మధ్యలో నాన్న ఉండటంతో సెకండ్ డిగ్రీ. జన్యువు దిగివచ్చిన తీరు చూస్తే నాన్నే అసలు వాహకుడు కావచ్చు, ఆయన మగవాడు కావడం వల్ల జబ్బు బయటపడలేదంతే. ‘నాన్న వైపు ఇద్దరు’ అనే షరతును బ్రిటన్ ప్రత్యేకంగా రాసుకున్నది ఈ లోటు పూడ్చడానికే. అన్నదమ్ములే తప్ప ఆడపిల్లలు లేని ఇళ్లలో ఈ షరతుకూ అందని ముప్పు ఉంటుంది. నలుగురు బాబాయిల మధ్య మేనత్త ఒక్కతే అయితే, ఆ ఒక్కరికి చిన్న వయసులో రావడం తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు.

పిన్ని ఎవరు, అత్త ఎవరు

‘మా అక్కకు ముప్పై ఎనిమిదేళ్లకే వచ్చిందండీ’ అని ఒకామె అంటుంది. డాక్టరు రాసుకునే కాగితం మీద అది తోబుట్టువు అవుతుంది, 40 లోపు కాబట్టి వెంటనే రిఫరల్. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే ఆ అక్క పెద్దమ్మ కూతురని తెలుస్తుంది. తెలుగులో ఇద్దరూ అక్కలే. లెక్కలో మాత్రం తోడబుట్టిన అక్క ఫస్ట్ డిగ్రీ, పెద్దమ్మ కూతురు థర్డ్ డిగ్రీ. సగం జన్యువులు పంచుకున్న మనిషికీ ఎనిమిదో వంతు పంచుకున్న మనిషికీ ఒకే పిలుపు.

పెద్దమ్మ, పిన్ని అంటే అమ్మ అక్కచెల్లెళ్లు కావచ్చు. అప్పుడు సెకండ్ డిగ్రీ. పెదనాన్న, బాబాయిల భార్యలూ కావచ్చు, అప్పుడు రక్తసంబంధమే లేదు. అత్త విషయం ఇంకా చిక్కు: నాన్న తోబుట్టువైతే సెకండ్ డిగ్రీ, మేనమామ భార్యయితే మామూలుగా ఏమీ కాదు, భర్త తల్లయితే ఆమె ముప్పు భర్తకూ పిల్లలకూ సంబంధించింది. వదిన అన్నయ్య భార్య కావచ్చు, మేనత్త కూతురు కావచ్చు. ఈ పిలుపుల వెనక బంధుత్వం ఎంత చక్కగా ఉన్నా, జన్యు లెక్కకు అవి పనికిరావు.

లండన్‌లోనో రెడింగ్‌లోనో జీపీ ముందు కూర్చున్న తెలుగు యువతి ‘ఆంటీ’ అన్నప్పుడు ఈ అస్పష్టత ఇంగ్లిషులోకీ వెళ్తుంది. ‘సిస్టర్’ అన్నప్పుడైతే జీపీకి అనుమానమే రాదు, ఎందుకంటే అక్కడ ఆ మాటకు ఒకే అర్థం. ఇందుకు విరుగుడుగా జెనెటిక్స్ క్లినిక్‌లలో వరసను వదిలేసి బొమ్మ గీస్తారు. ఆడవారికి సున్నా, మగవారికి చదరం, చనిపోయినవారి మీద అడ్డగీత, జబ్బు వచ్చినవారిని నల్లగా నింపుతారు, అడుగుతున్న మనిషికి బాణం గుర్తు పెడతారు. పక్కన ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో రాస్తారు. ‘ఆమె ఎవరు?’ అని అడగరు, ‘ఆమె ఎవరి కడుపున పుట్టింది?’ అని అడుగుతారు. మూడు తరాల బొమ్మ పూర్తయ్యేసరికి అరగంట పడుతుంది. రద్దీగా ఉండే ఓపీలో ఈ అరగంట ఎక్కడి నుంచి వస్తుందన్నది వేరే సమస్య.

మేనరికం ఏం మారుస్తుంది

మేనరికం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న అపోహ అక్కడక్కడా వినిపిస్తుంది. బ్రాకా లోపం ఒక్క కాపీ ఉన్నా ముప్పు పెరుగుతుంది, తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాల్సిన పని లేదు. కాబట్టి దగ్గరి పెళ్లిళ్లు దీనికి మూలకారణం కావు. అవి మార్చేది లెక్కను.

మేనమామను పెళ్లాడిన తల్లికి పుట్టిన అమ్మాయిని తీసుకుందాం. ఆమె అమ్మమ్మే ఆమె నాన్నకు అక్క. అంటే ఒకే మనిషి అమ్మమ్మ, ఆమే మేనత్త. ఆమెకు రొమ్ము క్యాన్సర్ వస్తే కుటుంబ చరిత్రలో ‘అమ్మమ్మకు ఉంది, మేనత్తకు ఉంది’ అని రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. నిజానికి రోగి ఒకరే, ఒక్కసారే లెక్కించాలి. అయితే ఇక్కడితో ఆగితే ముప్పును తక్కువగా అంచనా వేసినట్టే. ఆ అమ్మమ్మకు అరుదైన జన్యు లోపం ఒకటి ఉందనుకుంటే, మామూలు మనవరాలికి అది చేరే అవకాశం 25 శాతం. ఈ అమ్మాయికి అమ్మ దారిలో ఒక 25 శాతం ఉంది. అమ్మమ్మకు ఆ లోపం తన తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటే, ఆమె తమ్ముడైన నాన్న దారిలో మరో 25 శాతం ఉంది. రెండు దారులూ కలిపి చూస్తే అవకాశం 40 శాతం దాటుతుంది. కాగితం మీద సెకండ్ డిగ్రీ అయిన అమ్మమ్మ, జన్యుపరంగా ఫస్ట్ డిగ్రీకి చేరువవుతుంది. బ్రిటన్ ప్రాథమిక నిబంధనల్లో ఈ లెక్కకు గడి లేదు.

ఇంకో అరుదైన పరిణామం ఉంది. రెండో బ్రాకా జన్యువులో లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ బిడ్డకు వస్తే ఫాంకోని ఎనీమియా అనే తీవ్రమైన బాల్య వ్యాధి వస్తుంది. రిపోర్టులో ఆ జన్యువు పేరు కనిపించిన కుటుంబంలో మేనరికం సంబంధం కుదుర్చుకునే ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ అవసరమయ్యేది ఇందుకే.

‘కడుపులో గడ్డ’

కుటుంబ ముప్పు లెక్కలో అండాశయ క్యాన్సర్‌ది పెద్ద చేయి. రొమ్ము ఒకరికి, అండాశయం ఒకరికి అనే జోడీ బ్రాకా లోపానికి బలమైన గుర్తు. పాత తరంలో ఆ జబ్బుకు పేరు పెట్టినవాళ్లు తక్కువ. ‘కడుపు ఉబ్బింది, నీరు తీశారు, మూడు నెలల్లో పోయింది’ అని చెబుతారు. ‘గర్భసంచిలో గడ్డ’ అంటారు, అది ఫైబ్రాయిడ్ కావచ్చు, గర్భాశయ క్యాన్సర్ కావచ్చు, అండాశయానిది కావచ్చు. బ్రిటన్‌లో బంధువు జబ్బును క్యాన్సర్ రిజిస్ట్రీలో సరిచూసుకునే వీలుంది. పల్లెలో ముప్పై ఏళ్ల కిందట చనిపోయిన నాయనమ్మకు బయాప్సీ రిపోర్టు ఉండదు, ఉన్నా బీరువాలో మిగలదు.

దీనికి తోడు, చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న మహిళల నిష్పత్తి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశంలోకెల్లా ఎక్కువగా ఉంటూ వస్తోంది. ఆ ఆపరేషన్‌లో అండాశయాలూ తీసేస్తే, లోపం ఉన్న మహిళకు కూడా అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది, రొమ్ము క్యాన్సర్ ముప్పుకూ కొంత కళ్లెం పడొచ్చు. అంటే వంశవృక్షంలో నల్లగా నిండాల్సిన సున్నా ఖాళీగానే మిగులుతుంది. చూసేవారికి అది ఆరోగ్యకరమైన కుటుంబంలా కనిపిస్తుంది. ఆపరేషన్ అయిందా, ఏ వయసులో, ఓవరీలు ఉంచారా తీశారా అనే ప్రశ్నలు ఇక్కడ క్యాన్సర్ గురించిన ప్రశ్నలంత ముఖ్యమైనవి.

పంపాక ఏం జరుగుతుంది

రిఫరల్ అంటే రక్తపరీక్ష చీటీ అని చాలామంది అనుకుంటారు. పరీక్ష ఎవరికి ముందు చేయాలన్నదే అక్కడ మొదటి నిర్ణయం. ఆరోగ్యంగా ఉన్న చెల్లెలికి కాకుండా, జబ్బు వచ్చిన అక్కకు ముందు చేయాలి. అక్కలో లోపం దొరికితే చెల్లెలికి ఆ ఒక్క చోటే చూస్తే చాలు. ఉంటే ఉంది, లేకపోతే ఆమె ముప్పు దాదాపు మామూలు జనాభా స్థాయికి దిగుతుంది. అక్కను వదిలేసి నేరుగా చెల్లెలికి చేస్తే, ఏమీ దొరకలేదన్న రిపోర్టుకు అర్థం తేలదు: కుటుంబంలో లోపమే లేదా, ఉన్నది ఈమెకు రాలేదా, పరీక్షకు అందని చోట ఉందా? అక్క ఇప్పుడు లేకపోతే, లోపం ఉండే అవకాశం 10 శాతం దాటినప్పుడు ఆరోగ్యవంతులకూ పరీక్ష చేయవచ్చని బ్రిటన్ 2013లో గీత దించింది. అంతకు ముందు అది 20 శాతం.

మూడో రకం రిపోర్టు అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది. జన్యువులో మార్పు కనిపించింది, అది హానికరమో కాదో తెలియదు. వీటిని వీయూఎస్ అంటారు. ప్రపంచ జన్యు భాండాగారాలు ఎక్కువగా ఐరోపా సంతతి వారివి కాబట్టి భారతీయుల రిపోర్టుల్లో ఈ ‘తేలని మార్పులు’ ఎక్కువగా వస్తాయి. వీటి ఆధారంగా ఆపరేషన్లు చేయకూడదు, బంధువులకు పరీక్షలు చేసి ముప్పు తేల్చకూడదు. కొన్నేళ్ల తర్వాత వాటిలో చాలావరకు హానిలేనివిగా తేలతాయి. కౌన్సెలింగ్ లేకుండా ప్రైవేటు ల్యాబ్ నుంచి నేరుగా ఫోనుకు వచ్చే పీడీఎఫ్‌లో ఈ మాట చదివిన మనిషి పరిస్థితి ఊహించుకోవచ్చు.

ముప్పు ఖాయమైతే చేయగలిగినవి ఉన్నాయి. బ్రాకా లోపం ఉన్నవారికి 30 నుంచి 49 ఏళ్ల మధ్య ఏటా ఎంఆర్‌ఐ చేయాలని బ్రిటన్‌లో నైస్ మార్గదర్శకాలు చెబుతాయి. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, గడ్డ సరిగా కనపడదు. మధ్యస్థ ముప్పున్నవారికి నలభైల్లో ఏటా మామోగ్రామ్ ఉంటుంది. మామూలు మహిళలకైతే అక్కడ 50 దాటాక మూడేళ్లకోసారే. అధిక ముప్పున్నవారికి ముట్లు ఆగకముందైతే టామోక్సిఫెన్, ఆగాక అనాస్ట్రజోల్ మాత్రలు ఐదేళ్లు ఇస్తారు. పిల్లలు పుట్టాక అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీయించుకోవడం మొదటి జన్యువులో లోపమైతే 35 దాటాక, రెండోదైతే 40 దాటాక ఆలోచిస్తారు. ముందుజాగ్రత్తగా రొమ్ములు తీయించుకోవడం ఇంకొక మార్గం.

ఆ ఆఖరి మార్గం గురించి 2013 మేలో నటి ఏంజెలినా జోలీ పత్రికలో రాశాక బ్రిటన్ క్లినిక్‌లకు రిఫరల్స్ వెల్లువెత్తాయి. ఆ ఏడు జూన్, జులైల్లో 4,847 వచ్చాయి, అంతకు ముందేడు అవే నెలల్లో వచ్చినవి 1,981. వీటిలో అనవసరపు రిఫరల్స్ పెరగలేదనీ, ఎప్పుడో రావాల్సినవాళ్లే ఆలస్యంగా వచ్చారనీ పరిశీలించిన వైద్యులు తేల్చారు. అడిగితేనే పంపే పద్ధతిలో అడగని వాళ్లు ఎంతమంది ఉండిపోయారో ఆ రెండు నెలలు చూపించాయి. అదే ఏడు జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సహజమైన జన్యువుల మీద పేటెంట్లు చెల్లవని తీర్పు ఇవ్వడంతో ఒకే కంపెనీ చేతిలో ఉన్న పరీక్ష చాలా ల్యాబ్‌లకు తెరుచుకుంది, ధరలు దిగాయి.

పరీక్ష చవకయ్యే కొద్దీ కుటుంబ చరిత్ర అనే వడపోత అవసరమా అన్న వాదన బలపడింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 65 ఏళ్ల లోపు వారందరికీ బ్రాకా పరీక్ష ఇవ్వజూపాలని అమెరికా క్లినికల్ ఆంకాలజీ, సర్జికల్ ఆంకాలజీ సంఘాలు 2024లో చెప్పాయి. రొమ్ము క్యాన్సర్‌లో ఒలాపరిబ్ వంటి మందులను ముఖ్యంగా ఈ లోపం ఉన్నవారికి ఇస్తుండటం కూడా ఒక కారణం. ఇప్పుడు పరీక్ష చికిత్స కోసం జరుగుతోంది, కుటుంబం సంగతి దాని వెంట వస్తోంది. వరసల గందరగోళం ఉన్న చోట ఈ దారికి ఒక లాభం ఉంది: బంధువుల చరిత్ర సరిగా చెప్పలేని మనిషికీ లోపం బయటపడుతుంది.

ఇక్కడ మెట్లు ఎలా ఉన్నాయి

2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది హైదరాబాద్ జిల్లాలో, లక్ష మంది మహిళలకు 48. బ్రిటన్‌తో పోలిస్తే దేశ సగటు మూడో వంతు కూడా ఉండదు, కాబట్టి బ్రిటన్ శాతాలను యథాతథంగా ఇక్కడ అద్దడం కుదరదు. ఇక్కడి రోగుల సగటు వయసు పాశ్చాత్య దేశాల కంటే పదేళ్ల దాకా తక్కువ. దేశ జనాభాలోనే చిన్నవాళ్లు ఎక్కువ కావడం ఇందుకు కొంత కారణం. ‘40 లోపు’ అనే గీత అక్కడ కొద్దిమందినే పట్టుకుంటుంది, ఇక్కడ ఎక్కువ మందిని పట్టుకుంటుంది, వారిలో జన్యు లోపం లేనివారూ ఎక్కువగానే ఉంటారు.

నిపుణులు అసలే లేరని కాదు. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, హైదరాబాద్‌లోనే డీఎన్‌ఏ పరిశోధన, పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది, ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. కొరత ఉన్నది కింది మెట్టులో. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి దగ్గరికీ ఆశా కార్యకర్త తెచ్చే సీబ్యాక్ అనే ముప్పు అంచనా ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం కారుతోందా అనే ప్రశ్నలు ఉన్నాయి. కుటుంబ చరిత్ర గురించిన ప్రశ్న కూడా ఉంది, అది బీపీ, షుగర్, గుండెజబ్బుల గురించి. తల్లికో తోబుట్టువుకో క్యాన్సర్ వచ్చిందా అని అందులో అడగరు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ వంటి పథకాల ప్యాకేజీలు ఆపరేషన్, కీమో, రేడియేషన్ చుట్టూ అల్లినవి. ఆరోగ్యంగా ఉన్న చెల్లెలు ఆ వ్యవస్థ కంటికి రోగి కాదు.

ప్రస్తుతానికి ఇక్కడ కుటుంబ ముప్పు బయటపడే చోటు ప్రాథమిక కేంద్రం కాదు, ఆంకాలజీ వార్డు. ముప్పై ఆరేళ్ల మహిళ కీమో కుర్చీలో ఉంటుంది, తోడు వచ్చిన చెల్లెలు ఫైలు పట్టుకుని పక్కన నిలబడుతుంది. పరీక్ష జరిగి లోపం దొరికితే బ్రిటన్‌లో జెనెటిక్స్ కేంద్రం బంధువులకు ఇవ్వమని ఒక ఉత్తరం రాసి రోగి చేతికిస్తుంది. అందులో జన్యువు పేరు, మార్పు పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. ఇక్కడ ఆ పని చేసే కాగితం ల్యాబ్ రిపోర్టు ఒక్కటే. దాని జిరాక్సు మొదటి పేజీ నుంచీ చెల్లెలి దగ్గర, అన్నయ్య దగ్గర, అత్తారింట్లో ఉన్న మేనకోడలి దగ్గర ఉంటే వాళ్లకు ఆ ఒక్క చోటు చూసే చిన్న పరీక్ష సరిపోతుంది. ‘అక్కకు బ్రాకా వచ్చిందంట’ అన్న మాట మాత్రమే చేరితే ల్యాబ్ మళ్లీ రెండు జన్యువులూ మొదటి నుంచి చదవాలి, ఖర్చు కొన్ని రెట్లు.